తేదీ లేని వలస: డైరీ ఫార్మ్ తీరవాడ, అక్కడి వేసవి కలయికలు

అండమాన్ నికోబార్ దీవుల రాజధానికి 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ అన్న పేరు పోయి శ్రీ విజయపురం అన్న పేరు వచ్చింది. నగరం పేరు మారినా వాడల పేర్లు మాత్రం పాతవే నిలిచి ఉన్నాయి. అబర్డీన్, హాడో, ఫీనిక్స్ బే అన్నవి ఆంగ్ల పాలకులు పెట్టిన పేర్లు. షాదీపూర్, జంగ్లీఘాట్, లంబా లైన్, దూద్ లైన్ అన్నవి జనుల నోట పుట్టిన హిందుస్తానీ మాటలు. జంగ్లీఘాట్ రేవుకు చేరువలో ఉన్న డైరీ ఫార్మ్ కూడా అటువంటి పాత పేర్లలో ఒకటి. ఆ పేరు వినగానే పశువుల కొట్టాలు, పాలబిందెలు మనసులో మెదలుతాయి. కాని ఆ వీథులలో అడుగుపెట్టినవారిని ముందుగా పలకరించేది ఎండుచేపల వాసన. ఆ వెనుకనే ఉత్తరాంధ్ర యాస.

అండమాన్ చరిత్ర అనగానే మనకు స్ఫురించేది సెల్యులార్ జైలు. 1858 మార్చి 10వ తేదీన డాక్టర్ వాకర్ రెండు వందలమంది ఖైదీలతో ఇక్కడ దిగడం, 1872 ఫిబ్రవరి 8వ తేదీన హోప్ టౌన్ రేవులో వైస్రాయ్ లార్డ్ మేయో హత్యకు గురికావడం, 1896లో మొదలైన జైలు నిర్మాణం 1906లో ముగియడం, 1942 మార్చిలో జపాను సేనలు దిగడం, 1943 డిసెంబరు 30వ తేదీన నేతాజీ ఇక్కడ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేయడం - ఇవన్నీ తేదీలతో సహా గ్రంథస్థమైన ఘట్టాలు. తెలుగువారికి కూడా ఈ చరిత్రలో భాగమున్నది. 1857లో హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్ ఈ దీవులకే ప్రవాస శిక్షపై వచ్చాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వేంకటాచారి 1930లలో ఇక్కడి జైలులోనే గడిపాడు.

ఈ ఘట్టాల విలువను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే జైలు గోడకు వెలుపల, స్వాతంత్ర్యానంతరం, ఎవరి శిక్షా లేకుండా, ఎవరి ఆజ్ఞా లేకుండా, స్వయంగా టిక్కెట్టు కొనుక్కొని ఓడ ఎక్కి వచ్చినవారి చరిత్ర ఇంకొకటి ఉన్నది. దానికి శిలాఫలకం లేదు. దస్తావేజులు కూడా అరుదు. ఆ చరిత్ర డైరీ ఫార్మ్ వంటి తీరవాడలలో దినచర్యగాను, వేసవి సాయంకాలపు కబుర్లుగాను నేటికీ బతికి ఉన్నది. దానిని చరిత్రగా గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉన్నదని నా మనవి.

పాత దారి, కొత్త రేవు

బంగాళాఖాతాన్ని దాటి బ్రతుకుతెరువు వెదకుకోవడం ఉత్తరాంధ్ర తీరవాసులకు కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంనుండి శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలవారు వేల సంఖ్యలో బర్మాకు వెళ్ళారు. రంగూన్‌ను వారు ‘రంగం’ అన్నారు; కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవు పేరుమీద బర్మావారు తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అన్నారు. రంగూన్ రేవులో సరకు దించే పని చాలాకాలం వీరి చేతులమీదుగానే జరిగింది. 1930 మే మాసంలో జరిగిన రేవు కార్మికుల సమ్మె, దాని వెంట చెలరేగిన అల్లర్లు ఈ బ్రతుకుతెరువుకు తొలి దెబ్బ. 1942లో జపాను దండయాత్రతో ఆ దారి ఇంచుమించు మూసుకుపోయింది.

దారి మూసుకుపోయినంత మాత్రాన సముద్రంమీద నడిచే అలవాటు పోదు. గంజాం, పూరీ తీరాలకు తెలుగు మత్స్యకారులు పూర్వంనుండే వెళ్ళి స్థిరపడ్డారు. పూరీలో వారిని ‘నోలియాలు’ అంటారు. తరువాతి దశాబ్దాలలో పారాదీప్, చెన్నై, గుజరాత్‌లోని వెరావల్ వరకూ ఈ వలస సాగింది. అండమాన్ దీవులు ఈ గొలుసులో ఒక లంకె. 1950ల మధ్యకాలంనుండి దీవులలో మత్స్య పరిశ్రమను పెంపొందించడానికి ప్రభుత్వం ఆంధ్ర, కేరళ తీరాలనుండి కొన్ని మత్స్యకార కుటుంబాలను రప్పించి స్థిరపరచింది. ఆ కొద్ది కుటుంబాల వెంట వారి బావమరుదులు, మేనల్లుళ్ళు, ఊరివారు వచ్చారు. వీరి సంఖ్య ముందు పథకం కింద వచ్చినవారి సంఖ్య ఏపాటిదీ కాదు. చేపల వేటకు వచ్చినవారి వెంట ఇళ్ళు కట్టే మేస్త్రీలు, రోడ్డు కూలీలు, చిల్లర వర్తకులు, చిన్న ఉద్యోగులు చేరారు.

జనాభా లెక్కలు ఈ మార్పును స్పష్టంగా చూపుతున్నాయి. 1951లో దీవులన్నింటి జనాభా 30,971. 1961 నాటికి అది 63,548 అయింది. 1971 నాటికి 1,15,133. 1991 నాటికి 2,80,661. 2011 నాటికి 3,80,581. 2011 లెక్కల ప్రకారం దీవులలో ప్రతి నూరుమందిలో పదముగ్గురికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగవ స్థానం తెలుగుదే. అరవై ఏళ్ళలో పన్నెండు రెట్లు పెరిగిన సమాజంలో ప్రతి కుటుంబానికీ ఒక రాక ఉంటుంది. ఆ రాకకు ఒక తేదీ ఉండితీరాలి. ఆ తేదీ ఎక్కడ వ్రాసి ఉన్నది? ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న ఇదే.

నిత్యకృత్యమే చరిత్ర

డైరీ ఫార్మ్‌లో పొద్దు అన్నిచోట్లకంటె ముందే పొడుస్తుందని చెప్పుకుంటారు. ఇది చమత్కారం మాత్రమే కాదు. దేశమంతటికీ ఒకే గడియారం కావడంవల్ల తూర్పున ఉన్న ఈ దీవులలో ఐదు గంటలకే తెల్లవారిపోతుంది. సాయంకాలం ఆరు కాకముందే దీపాలు పెట్టవలసి వస్తుంది. డోంగీలు జంగ్లీఘాట్ రేవుకు చేరే వేళకు ఆడవారు అల్యూమినియం తట్టలతో సిద్ధంగా ఉంటారు. బేరం మూడు నాలుగు భాషలలో సాగుతుంది. విశాఖ తీరంలో కోనాం అనే చేప ఇక్కడ కొనేవారి నోట సుర్మై అవుతుంది. తెలుగు స్త్రీ హిందీలో ధర చెబుతుంది, బెంగాలీ గృహిణి హిందీలోనే తగ్గిస్తుంది, బేరం కుదిరిన తరువాత ఎవరి భాషలో వారు గొణుక్కుంటారు. వేట సొమ్ములో ఎవరి వంతు ఎంత అన్న లెక్క మాత్రం అచ్చ తెలుగులోనే తెగుతుంది.

పొద్దెక్కిన తరువాత వాడలో మిగిలేది ముసలివారు, పసివారు, నీళ్ళ బిందెలు. చుట్టూ సముద్రం ఉండీ మంచినీటికి కటకటపడటం ఈ నగరపు విచిత్రం. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట మార్చి, ఏప్రిల్ మాసాలలో కుళాయి రోజు విడిచి రోజు కూడా రాని సందర్భాలున్నాయి. 1970లలో నిర్మితమైన ధానీఖారీ జలాశయమే నగరానికి ప్రధానాధారం. దాని మట్టం తగ్గినకొద్దీ వాడలో పలకరింపులు మారుతాయి. ‘బాగున్నారా’ అన్న చోట ‘నీళ్ళొచ్చాయా’ అన్న ప్రశ్న వస్తుంది. కుళాయి వచ్చే వేళకు ఇంట ఎవరూ లేనివారి బిందెలను పొరుగువారు నింపి పెట్టడం ఇక్కడ ఎవరూ చెప్పకుండానే అమలులో ఉన్న కట్టుబాటు. ఆ పొరుగువారు తెలుగువారే కానవసరం లేదు. ఒక గోడకు ఇవతల పలాస నుండి వచ్చినవారు, అవతల ఛోటా నాగపూర్ నుండి వచ్చిన రాంచీవారు, ఎదురుగా మలయాళీలు ఉంటారు. బెంగాలీ ముసలమ్మను తెలుగు పిల్లలు ‘మాసీ’ అంటారు. తెలుగు ముసలమ్మను బెంగాలీ పిల్లలు ‘అమ్మమ్మ’ అంటారు.

మెయిన్‌లాండ్‌లో - దీవులవారు భారత ప్రధాన భూభాగాన్ని ఈ మాటతోనే పిలుస్తారు - కష్టం వస్తే బంధువులు రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి చేరుకుంటారు. ఇక్కడ ఆ వీలు లేదు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం - ఏ రేవునుండి ఓడ బయలుదేరినా రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. విశాఖపట్నంనుండి వచ్చే ఓడ నెలకొకసారి మించి ఉండదు. విమానం సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది ఇటీవలనే. అందువల్ల చావుకైనా పెళ్ళికైనా చేరువలో ఉన్నవారే చుట్టాలయ్యారు. అన్నదమ్ములు లేని చోట పొరుగింటి కుర్రవాడు పాడె మోశాడు. మేనమామ రాలేని పెళ్ళిలో అదే ఓడలో కలిసివచ్చిన వ్యక్తి మేనమామ స్థానంలో నిలబడి పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చాడు. ‘ఓడ చుట్టరికం’ అని నేనీ బంధానికి పేరు పెట్టుకున్నాను. రక్తసంబంధంకంటె ఇది ఏవిధంగానూ పలుచన కాదని, రెండు తరాలుగా నిలిచి ఉన్న ఇచ్చిపుచ్చుకోవడాలు రుజువు చేస్తున్నాయి.

వేసవి కలయికలు

ఈ దీవులలో వేసవి చిన్నది. జనవరినుండి ఏప్రిల్ చివరివరకు వానలు తక్కువ. సముద్రం శాంతంగా ఉంటుంది. మే మూడవ వారంలోనే నైరృతి ఋతుపవనాలు దీవులను తాకుతాయి. ఉత్తరాంధ్రలో రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగిలే వేళకు ఇక్కడ గొడుగులు బయటికి వస్తాయి. కాబట్టి కలుసుకోవలసినవారందరూ ఉగాదికి, మే మధ్యకూ నడుమనే కలుసుకోవాలి. ఇంటికి సున్నం వేయడం, కప్పు బాగుచేసుకోవడం, వల అల్లుకోవడం, చేపలు ఎండబెట్టడం, పెళ్ళి ముహూర్తాలు, అమ్మవారి మొక్కులు - అన్నీ ఈ కొద్ది వారాలలోకే కుదించుకుపోతాయి. ఒక సమాజం తన ఏడాది అంతటి కలయికలనూ ఇంత ఇరుకు కాలంలో జరుపుకోవలసి వచ్చినప్పుడు ఆ కలయికలకు ఒక సాంద్రత వస్తుంది.

శ్రీరామనవమి పందిరిలో పానకం, వడపప్పు ఏ ఊరిలోనైనా ఉండేవే. డైరీ ఫార్మ్ పందిరికి ఉన్న విశేషం అందులో కూర్చునే మనుషుల కూర్పు. పందిరి గుంజలు పాతేవారిలో తమిళులుంటారు. ఆ తమిళుల పంగుని ఉత్తిరం ఉత్సవానికి తెలుగువారు వెళతారు. తీరాంధ్ర గ్రామదేవతలను వలస వచ్చినవారు తమతోపాటే తెచ్చుకున్నారు. అమ్మవారికి ఘటం ఎత్తే నాడు ఆడవారు పసుపు నీళ్ళతో వీథి కడుగుతారు. నీటి కరవు ఉన్న ఏడు ఆ కడిగే నీళ్ళు కూడా ఇంటింటినుండి చెంబెడు చొప్పున వసూలవుతాయి. ఉత్తరాంధ్ర వేసవికి గుర్తయిన తాటిముంజ ఇక్కడ అరుదు. దాని స్థానాన్ని కొబ్బరిబొండం ఆక్రమించింది. చోడి అంబలి మాత్రం తప్పిపోలేదు. చోడిపిండి ఓడలో వస్తుంది. మెయిన్‌లాండ్ వెళ్ళివచ్చినవారి సంచులలో మొదట వెదకేది దానినే.

సాయంకాలం కుళాయి తంతు, వంట తంతు ముగిసిన తరువాత వీథి చివర, గాలి వచ్చే వైపు, చాపలు పరుస్తారు. పెద్దవారి కబుర్లు అక్కడ మొదలవుతాయి. మొదటి వినికిడికి అవి పొద్దుపోని మాటలుగా తోస్తాయి. కొన్ని సాయంకాలాలు కూర్చుని విన్న తరువాత వాటికి ఒక క్రమం ఉన్నదని నాకు అర్థమైంది. ఎవరి ప్రస్తావన వచ్చినా మూడు విషయాలు తప్పక చెబుతారు: ఏ ఊరు, ఏ ఓడ, ఎవరి వెంట. ‘వాళ్ళ తాత ఫలానావారి బావ వెంట వచ్చాడు, ఆ ఓడలోనే మా పెదనాన్న కూడా ఉన్నాడు, తుపాను పట్టి ఓడ ఒక రోజు ఆలస్యమైంది’ - ఇట్లా సాగుతుంది వరుస. తప్పు చెబితే పక్కవారు దిద్దుతారు. దిద్దినదానిని మరొకరు ధ్రువపరుస్తారు. పిల్లలు వింటూ నిద్రపోతారు. మరుసటి వేసవిలో మళ్ళీ వింటారు. చరిత్ర విద్యార్థిగా నేను మూలాలను సరిపోల్చడమన్న పద్ధతిని తరగతి గదిలో నేర్చుకున్నాను. దానిని చాపమీద కూర్చున్నవారు ఆచరిస్తుండగా చూసినది ఇక్కడనే.

ఒక వాఙ్మూలం

ఈ కబుర్లకు కాలక్షేపానికి మించిన ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు నా ఉద్యోగ జీవితంలోని ఒక అనుభవం సమాధానమిచ్చింది. కొన్నేళ్ళ క్రితం, నివాస ధ్రువీకరణకు సంబంధించిన ఒక విచారణ నా ముందుకు వచ్చింది. అర్జీదారు మనుమడు. ఆ కుటుంబం దీవులకు ఎప్పుడు వచ్చిందో నిర్ణయించాలి. కాగితాలు ఇంచుమించు లేవు. ఉన్న కొద్దిపాటి కాగితాలు 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయం ఇంటిలోకి వచ్చిన సముద్రపు నీటికి ముద్దయ్యాయని చెప్పారు. మిగిలిన ఏకైక సాక్షి డెబ్బై దాటిన నాయనమ్మ. భీమునిపట్నం దాపున ఒక పల్లెలో ఆమె పుట్టింది.

“ఏ సంవత్సరంలో వచ్చారమ్మా?” అని అడిగాను.

“ఏడు నాకేటి తెలుస్తాది బాబూ!” అన్నదామె. కొంచెం ఆలోచించి మళ్ళీ చెప్పింది: “యుద్దమొచ్చి విశాపట్నంలో రేత్రులు దీపాలు ఆర్పించీసినారు కాదా, ఆ ఏడు మా పెద్దోడు పాలు మరిసినాడు. ఆ మీదటి ఎండల్లో మద్రాసెల్లి ఓడెక్కినాం.”

విశాఖపట్నం తీరాన దీపాలు ఆర్పించిన యుద్ధం 1971 డిసెంబరు నాటిది. ఆ నెల 3, 4 తేదీల నడిరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ తీరానికి చేరువలోనే మునిగిపోయింది. ఆ మరుసటి ఎండలంటే 1972 వేసవి. ఇంగ్లీషు అంకె ఒక్కటీ తెలియని ఆ తల్లి, కాగితం చూపగలిగినవారికి తీసిపోని కచ్చితత్వంతో తన రాకకు తేదీ ఇచ్చింది.

అయినా ఒక మనిషి మాట చాలదు కదా. పొరుగువారిని పిలిపించాను. బెంగాలీ వృద్ధుడొకరు, తన తండ్రికి ఆ ఇంటివారు తొలిసారి చేపలు తెచ్చిచ్చిన వేసవిలోనే తన చెల్లెలి పెళ్ళి జరిగిందని చెప్పాడు. పెళ్ళి తేదీ ఆయనకు తెలుసు. ఒక మలయాళీ విశ్రాంత కార్మికుడు అర్జీదారు తాతతో కలిసి తాను మొదటిసారి ఏ పనికి వెళ్ళినదీ చెప్పాడు. రాంచీ స్త్రీ ఒకతె, ఆ ఇంటి రెండవ బిడ్డ పుట్టినప్పుడు మంత్రసానితనం చేసినది తన తల్లి అని చెప్పింది. నలుగురూ నాలుగు భాషల ఇళ్ళవారు. నాలుగు మాటలూ ఒక్కచోటికే వచ్చి నిలిచాయి. వారంతా వేసవి సాయంకాలాలలో ఒకే చాపమీద కూర్చున్నవారు కాకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

విచారణ అనుకూలంగా ముగిసింది. కాని నా నివేదికలో నేను వ్రాసినది ఒక్క వాక్యమే: కుటుంబం 1972 నుండి నివసిస్తున్నట్లు పొరుగువారి సాక్ష్యంవల్ల తెలియవస్తున్నది. దీపాలార్పిన రాత్రులు, పాలు మరిచిన బిడ్డ, మద్రాసు ఓడ, చేపలు తెచ్చిన వేసవి, మంత్రసాని - ఇవేవీ దస్త్రంలోకి ఎక్కలేదు. దస్త్రానికి అవి అక్కరలేదు. చరిత్రకు అక్కరయినవి మాత్రం అవే. అధికారిగా నేను చేసిన పనిలో తప్పు లేదు. చరిత్ర చదువుకున్నవాడిగా నేను చేసిన పని లోపభూయిష్ఠమని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తల్లి తరువాత రెండేళ్ళకే కన్నుమూసింది.

తేదీ ఉన్నవారు, లేనివారు

ఈ దీవులలో ఎప్పుడు వచ్చారన్నది కేవలం కుతూహలంతో అడిగే ప్రశ్న కాదు. దానిమీద హక్కులు ఆధారపడి ఉన్నాయి. ఇక్కడ ఇతర వెనుకబడిన తరగతుల జాబితాను రూపొందించినప్పుడు ఐదు వర్గాలను గుర్తించారు: 1942కు పూర్వం స్థిరపడినవారు, భాంతులు, మోప్లాలు, కరెన్లు, తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన బెంగాలీలు. పరిశీలించి చూస్తే వీరందరికీ ఒక సమానధర్మం కనిపిస్తుంది. మోప్లాలు 1921 మలబారు తిరుగుబాటు తరువాత పంపబడినవారు. కరెన్లు 1925లో బర్మానుండి, భాంతులు ఆ తరువాతి సంవత్సరంలో ఉత్తర భారతంనుండి తేబడినవారు. బెంగాలీ శరణార్థులకు 1949 నుండి పునరావాసం కల్పించారు. అంటే ప్రభుత్వం పంపగా వచ్చినవారు, ప్రభుత్వం తెస్తే వచ్చినవారు. వారిని ఓడ ఎక్కించిన గుమాస్తా పేర్లు వ్రాసుకున్నాడు, తేదీ వేశాడు. ఆ కాగితం నేడు వారికి చరిత్ర అయింది.

టిక్కెట్టు కొనుక్కొని వచ్చినవాడి పేరు ఎవరూ వ్రాసుకోలేదు. అతని రాకకు పథకం లేదు, ఉత్తర్వు లేదు, పునరావాస దస్త్రం లేదు. మేనమామ ఉత్తరం వ్రాశాడు, అతను వచ్చాడు. దీవులలోని తెలుగువారిలో అత్యధికులది ఇదే కథ; తమిళులు, మలయాళీలలో ఎందరిదో కూడా ఇదే. ఎవరికి ఏ హక్కు దక్కాలన్నది విధాన నిర్ణయం. దానిని చర్చించే తావు ఇది కాదు. గుర్తించవలసినది మరొకటి: మన దస్త్రాగారాలలో ఉన్నది రాజ్యం కదిలించిన మనుషుల చరిత్ర. తమంతట తాము కదిలిన మనుషుల చరిత్ర పొరుగువారి జ్ఞాపకంలో ఉన్నది. మొదటిదానికి భవనాలు కట్టాం. రెండవదానికి చాప, వేసవి గాలి తప్ప ఆధారం లేదు.

సడలుతున్న చాప

ఆ ఆధారం కూడా నానాటికీ సడలుతున్నది. 2004 నాటి ఉపద్రవంలో ప్రాణనష్టం అధికంగా జరిగినది నికోబార్ దీవులలో. దక్షిణ అండమాన్‌లో భూమి ఇంచుమించు ఒక మీటరు కుంగింది. రేవులు, పడవలు దెబ్బతిన్నాయి. సిప్పీఘాట్ వద్ద పొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి. తీరాన బ్రతికేవారికి సముద్రంతో ఉన్న నమ్మకం కుంగినది అంతకంటె ఎక్కువ. కొందరు నీటికి దూరంగా, మెట్టకు, నగరం వెలుపలి కొత్త కాలనీలకు తరలిపోయారు. వేటకు వెళ్ళినవారి మనుమలు వేటకు వెళ్ళడం లేదు. ప్రభుత్వోద్యోగం, పర్యాటక వ్యాపారం, మెయిన్‌లాండ్‌లో చదువు - ఇవి వారి దారులు. ఇందులో విచారించవలసినది ఏమీ లేదు. ఇందుకోసమే వారి తాతలు ఓడ ఎక్కారు.

భాష సంగతి కొంత చిక్కుది. దీవులలో ప్రభుత్వం హిందీ, ఆంగ్ల మాధ్యమాలతోపాటు బెంగాలీ, తమిళ, తెలుగు మాధ్యమాలలో కూడా పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఇది హర్షణీయమైన విషయం. అయితే వీథిభాష హిందీ. తెలుగు ఇంటి పిల్లలిద్దరు కొట్లాడుకున్నా హిందీలోనే కొట్లాడుకుంటారు. నాయనమ్మ తెలుగులో చెప్పిన ఓడ కథను మనుమడు హిందీలో మననం చేసుకుంటాడు. కథ మిగులుతుంది, ‘పాలు మరిచిన ఏడు’ వంటి కాలమానం మిగలదు. 2020 ఆగస్టులో చెన్నైనుండి సముద్రగర్భపు కేబుల్ వచ్చిన తరువాత మెయిన్‌లాండ్ బంధువుల ముఖాలు అరచేతిలోకి వచ్చాయి. అది కూడా మేలే. కాని చాపమీద కూర్చునేవారి సంఖ్య ఆ మేరకు తగ్గింది. ఓడ చుట్టరికం ఓడ ఎక్కనివారికి అర్థం కావడం కష్టం.

చేయవలసిన పని పెద్దది కాదు. దీవులలో వృద్ధులైన తొలితరం వలసవారు ఇంకా కొందరు ఉన్నారు. ఏ ఊరు, ఏ ఓడ, ఎవరి వెంట - ఈ మూడు ప్రశ్నలకు వారి సమాధానాలను వారి యాసలోనే నమోదు చేయవచ్చు. తెలుగు చదివే ఉన్నత తరగతుల విద్యార్థులకు వేసవి సెలవులలో ఇదే అభ్యాసంగా ఇవ్వవచ్చు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క వృద్ధుని కథ వ్రాసి తెచ్చినా పదేళ్ళలో ఒక చిన్న దస్త్రాగారం తయారవుతుంది. తెలుగు విశ్వవిద్యాలయాలలోని చరిత్ర, జానపద శాఖలు తమ పరిశోధకులను రంగూన్ వలసను గురించి పుస్తకాలు వెదకడానికి పంపినట్లే, బతికి ఉన్న ఈ వలసను వినడానికి కూడా పంపవచ్చు. వారు రావలసింది మాత్రం వేసవిలోనే, వానలకు ముందు.

కిందటిసారి నేను డైరీ ఫార్మ్ వెళ్ళినది ఏప్రిల్ చివరి వారంలో. వెనుకటి చాపల స్థానంలో ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఎవరో కొత్తవారి ప్రస్తావన రాగా ఒక పెద్దాయన ‘వాళ్ళు ఎవరి వెంట వచ్చారు?’ అని అడిగాడు. విమానంలో వచ్చారని, ఉద్యోగం మీద వచ్చారని, ఎవరి వెంటా రాలేదని కుర్రవాడు జవాబిచ్చాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “సర్లే, నీళ్ళొచ్చే వేళయింది. వాళ్ళింట ఎవరూ లేరు కాబోలు, రెండు బిందెలు పట్టి గుమ్మంలో పెట్టు” అన్నాడు.